ఎడమకు గుంజిన స్టీరింగ్

ఇది కల్పించి చెప్పడం లేదు. కల్పించేదైతే ఇంకొంచెం నమ్మేటట్టు కల్పించేవాణ్ని. జరిగింది జరిగినట్టు చెబుతాను... అదేమిటో మీరే తేల్చుకోండి. నావల్ల కాలేదు.

నా భార్య రత్న పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. మా ఊరు ఓర్వకల్లు దాటాక లోపలికి ఉంటుంది. హైవే దిగాక ఒంటి రోడ్డు. కంకర టిప్పర్లు తిరుగుతుంటాయి. ఆ రోడ్డులో ఒక కల్వర్టు ఉంది. ఒకరోజు చీకటి పడ్డాక, ఎదురుగా టిప్పర్ వస్తుండగా, మా కారు ఎడమకు తిరిగి కల్వర్టు గోడను గుద్దుకుంది. ఎడమ సీట్లో రత్న ఉంది. నడుపుతున్నది ఆమె తమ్ముడు సురేంద్ర. వాడికి భుజం విరిగింది. రత్న పోయింది. నేను ఆ రోజు కారులో లేను.

బండి దానంతటదే ఎడమకు గుంజిందని సురేంద్ర చెప్పాడు. పోలీసులకూ అదే మాట. నాకూ అదే మాట. ఒక్క అక్షరం మారలేదు. అందుకే నమ్మలేకపోయాను. నిజం చెప్పేవాడికి ఒక్కోసారి ఒక్కో సంగతి గుర్తొస్తుంది. వీడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. కునుకు తీసి ఉంటాడు... లేదా ఫోను చూసుకుంటూ ఉండి ఉంటాడు. నా అనుమానం అది.

మా ఇళ్లలో ఆడమనిషి సంవత్సరీకానికి పుట్టింటివాళ్లు చీర తేవాలి. రత్నకు పుట్టింటివాడంటే ఇక వీడొక్కడే. వాణ్ని ఆ రోజు గడప తొక్కనివ్వాలా, వద్దా. నాకు తేలవలసింది అదొక్కటే.

కారును పాత ఇనుముకు వేసెయ్యమన్నారు అందరూ. నేను కర్నూలులో మెకానిక్ మస్తాన్ షెడ్డుకు చేర్పించాను. విప్పితే తెలుస్తుందని నా ఆశ. మస్తాన్ విప్పాడు. వంగిన చాసీని గొలుసులు వేసి లాగించాడు. ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీ మార్చాడు. వంకర తిరిగిన పాత కడ్డీని నా చేతిలో పెట్టాడు. ఇది గుద్దుకోకముందే అరిగి ఉందా అని అడిగాను.

"దెబ్బ తిన్నాక అన్నీ ఒకటే సార్. ముందుదేదో ఎనకదేదో నాకెట్ల తెలుస్తాది? ఆ పొద్దు నేనేమన్నా బండ్లో ఉంటినా?"

అతని మీదా నాకు అనుమానమే. పాత సామానుకే రంగు పూసి బిగించాడేమోనని తీసేసిన ప్రతి ముక్కనూ డిక్కీలో వేయించుకున్నాను. చక్రాల అలైన్‌మెంట్ దగ్గరుండి చేయించాను. తెర మీద అంకెలన్నీ పచ్చగా వచ్చాయి, అంటే అంతా సరిగా ఉన్నట్టు. మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ పచ్చగానే వచ్చాయి. మస్తాన్ మొహం చిట్లించాడు.

బండి తెచ్చుకునే రోజు సురేంద్రను కూడా రమ్మన్నాను. సాయానికి కాదు. ఆ కల్వర్టు దగ్గర వాడి ముఖం చూడాలి.

వాడు నిమ్మకాయలు తెచ్చాడు. చక్రాల కింద పెట్టి తొక్కించాలని. మస్తాన్ నవ్వాడు. "మంచిదేలేప్పా. నిమ్మకాయలతోనే అయ్యేటట్టుంటే నేను షెడ్డు మూసి కాయలంగడి పెట్టుకుంటాంటి." తర్వాత నాతో, మంచి రోడ్డు చూసి ఒకసారి స్టీరింగ్ వదిలి చూడమన్నాడు. సూటిగా పోతే తన పని సరిగా ఉన్నట్టు. కొంచెం ఎడమకు జారినా కంగారు పడొద్దన్నాడు, వాననీళ్లు పోవడానికి రోడ్లను పక్కకు వాల్చి వేస్తారట.

బయల్దేరేసరికి పొద్దు గూకింది. సురేంద్ర ముందు తలుపు తీశాడు. సీటు కొత్తది. ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. కాసేపు దానివంక చూశాడు. తలుపు మూసి, వెనక మధ్యలో కూర్చున్నాడు. నాకూ అదే కావాలి. అద్దంలో వాడు నిండుగా కనిపిస్తున్నాడు.

హైవే మీద స్టీరింగ్ వదిలి చూశాను. సూటిగా పోయింది. మరోచోట వదిలాను. గీత గీసినట్టు పోయింది. డిక్కీలో పాత ఇనుము మాత్రం... టంగ్... టంగ్... అంటోంది.

హైవే దిగాం. అటూ ఇటూ రాతి గుట్టలు. దీపం లేదు. అద్దంలో ఇప్పుడు వాడి తల నల్లగా, ఒక ఆకారంలా ఉంది.

"నిద్రొస్తోందా?" అన్నాను. కావాలనే అన్నాను.

"నాకింక నిద్ర యాడిది బావా."

కల్వర్టు ఇంకా కొంత దూరం ఉంది. మలుపులో వెలుగు లేచింది. టిప్పర్. లైట్లు పైకెత్తి పెట్టాడు. కళ్ల నిండా తెలుపు... రోడ్డు కనిపించడం లేదు. వేగం తగ్గించాను. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను.

ముందు డిక్కీలో చప్పుడు ఆగింది.

తర్వాత... కర్ర్... ప్లాస్టిక్ కవరు. నా పక్క సీటు మీద. కూర్చున్న మనిషి ఇటువైపు ఒరిగితే వచ్చే చప్పుడు.

అప్పుడు కదిలింది స్టీరింగ్.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పనివ్వండి. అలైన్‌మెంట్ కుదరని బండి మెల్లగా, ఒకే తీరుగా జారుతుంది. షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఇదే విని విని ఆ మాత్రం తెలుసుకున్నాను. ఇది అలా లేదు. స్టీరింగ్ ఎడమ అంచు కిందికి ఒక చిన్న గుంజు... ఆగింది... మళ్లీ ఇంకో గుంజు. మొదటిసారి చెబితే వినలేదని రెండోసారి చెప్పినట్టు.

ఆ గుంజు నాకు తెలుసు.

మేం కారు కొన్నప్పటి నుంచీ తెలుసు. ఎదురుగా లైట్లు పడితే రత్న ఊరుకునేది కాదు. చెయ్యి చాచి స్టీరింగ్ పట్టుకుని పక్కకు లాగేది. ఎన్నిసార్లు గొడవ పడ్డామో. అలవాటు కొద్దీ నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"చెయ్యి తియ్యి రత్నా."

స్టీరింగ్ వదులైంది.

టిప్పర్ దుమ్ము కొట్టుకుంటూ పోయింది. బ్రేకు వేశాను. కల్వర్టు గోడ లైట్ల వెలుగులో, ఎదురుగా. అద్దంలోకి చూశాను. సురేంద్ర అద్దంలో లేడు.

తల తిప్పాను. రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు వంగి ఉన్నాడు. వాడి ఎడమ చెయ్యి పక్క సీటు మీద, ప్లాస్టిక్ మీద ఉంది. కుడి చెయ్యి చీకట్లో ఉంది. ఎక్కడుందో చూడలేదు. చూసి ఉండాల్సింది.

టిప్పర్‌కు బెదిరి వంగానన్నాడు. అయి ఉండవచ్చు. తన మాట నిజమని నాకు చూపించడానికి వాడే గుంజి ఉండవచ్చు. చెయ్యి అందుతుంది. కానీ గుంజి, ఆగి, మళ్లీ గుంజడం... అది వాడికెలా తెలుసు? ఒకవేళ ఆ రోజు పక్కన ఉండి చూశాడా?

ఇక అడిగేశాను.

"సురేంద్రా... ఆ పొద్దు స్టీరింగ్ పట్టుకున్నది మీ అక్కేనా?"

వాడు వెనక్కి జరిగి సీటుకు ఆనుకున్నాడు.

"బండే గుంజింది బావా. దానంతటదే." అదే మాట. తర్వాత గొంతు తగ్గించి, "నన్నేమన్నా అనుకో. మా అక్కను గురించి మాత్రం అడగాకు" అన్నాడు.

మర్నాడు కారును మళ్లీ మస్తాన్ దగ్గరికి తీసుకుపోయాను. మళ్లీ పచ్చగానే వచ్చింది. రోడ్డు వాలుంటాది సార్ అన్నాడు. పగటిపూట కల్వర్టు దగ్గరికి పోయి నిలబడి చూశాను. వాలు ఉందనుకుంటే ఉంది. లేదనుకుంటే లేదు.

సంవత్సరీకానికి సురేంద్రను రమ్మన్నాను. చీర తెచ్చాడు. వాడు అబద్ధమాడుతున్నాడనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఎవరిని కాపాడుకోవడానికో మాత్రం ఇదివరకటంత గట్టిగా చెప్పలేను.

ఆ కారు ఇప్పటికీ నడుపుతున్నాను. చీకట్లో ఎదురుగా లైట్లు పడినప్పుడు చేతులు కొంచెం వదులుగా పెడుతున్నాను. మంచిది కాదు, తెలుసు.

బండి సూటిగా పోతోంది.