లైటు మీద బంతిపూల దండ

బంతిపూల వాసన తగిలితే చాలు, ఇప్పటికీ మా గోనెసంచుల మిల్లు గుర్తొచ్చి బెంగపడిపోతాను. గజపతినగరం వైపు ఉండేది. భోగాపురంలో విమానాశ్రయం వస్తుందట అని టీకొట్టు దగ్గర అందరూ విమానాల గురించే మాట్లాడుకుంటున్న రోజులవి. నేను అక్కడ సేఫ్టీ ఆఫీసర్ని. పేరుకి ఆఫీసరే గానీ, హెల్మెట్లు పెట్టుకోండి బాబూ అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకోవడమే నా ఉద్యోగం.

విశ్వకర్మ పూజ రోజున మా షెడ్డు పెళ్ళివారిల్లులా ఉండేది. మిషన్లు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దండలు వేసేవాళ్ళం. పులిహోర కోసం మేనేజరు గారు కూడా విస్తరాకు పట్టుకుని మాతోపాటు వరసలో నిలబడేవారు. ఎంత బావుండేదో! వేసిన దండ వాడి రాలిపోయేదాకా ఎవరూ తీసేవారు కాదు. అది అక్కడి పద్ధతి.

ఒక ఏడు, సంచుల కట్టలు నొక్కే పాత ప్రెస్సుకి వేసిన దండ సరిగ్గా దాని ఎర్రలైటు మీద పడింది. ప్రెస్సు అవతలివైపు తలుపు తీసి ఎవరైనా సంచులు సర్దుతుంటే ఆ లైటు వెలుగుతుంది. వెలుగుతున్నంతసేపూ ఇవతల ఆపరేటరు బటన్ నొక్కకూడదు. పూజ మర్నాడు ఆపరేటరు నొక్కేశాడు. అవతల సర్దుతున్న కుర్రాడు చటుక్కున చెయ్యి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది. చొక్కా చెయ్యి మాత్రం చిరిగి ప్రెస్సులో ఉండిపోయింది.

ఆ ఆపరేటరుని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆదివారం బాప్టిస్టు చర్చిలో డోలక్ వాయించేవాడు, మిల్లులో అందరికీ కావలసినవాడు. విచారణలో ఏం అడిగినా "నాదే తప్పండి" అని తల దించుకున్నాడు. మేనేజరు గారు 'అజాగ్రత్త' అని ఒక్క మాటలో తేల్చేసి, ఉద్యోగంలోంచి తీసేద్దామన్నారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అజాగ్రత్త అనేస్తే ఇక ఎవరూ బుర్ర పెట్టక్కర్లేదు కదా! ఈ మనిషిని తీసేసినా, ఆ చోట నిలబడే తర్వాతి మనిషికి మాత్రం లైటు కనిపిస్తుందా?

వెళ్ళి బాబాయ్ నిలబడే చోటే నిలబడి చూశాను. బంతిపూలు తప్ప ఏమీ కనిపించలేదు. సాయంత్రం టీకొట్టు దగ్గర అతన్ని పట్టుకున్నాను.

"ఆ దండ కాస్త పక్కకి జరపొచ్చు కదా బాబాయ్?"

చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఏటి సెప్పమంతావమ్మా! మీ దేవుడి దండ. నాను సెయ్యెడితే ఎవులి మనసు కష్టపడతాదో అని ఊరుకున్నాను. తలుపేసిన సప్పుడు ఇనపడినట్టనిపించి నొక్కీసినాను."

"మరి ఆ మాట విచారణలో చెప్పలేదేం?"

"సెప్తే పూజ సేసినోల్ల మీదకి ఎల్తాది. మల్లీ యేడు నన్ను సూస్తే ఆల్లకి ఎలాగుంతాది?"

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. తోటివాళ్ళని నొప్పించకూడదన్న మర్యాదే ఒక కుర్రాడి చేతి మీదకి తెచ్చింది. దీన్ని అజాగ్రత్త అని ఎలా రాయను?

"నీ ఉద్యోగం పోతే పూజ చేసినవాళ్ళు సంతోషిస్తారా?" అని గదమాయించి, ఒప్పించి, మేనేజరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. విషయమంతా చెప్పి, "ఆ దండ మనందరం కలిసి వేసిందే. తీసేస్తే అందర్నీ తీసెయ్యండి" అన్నాను. అంత నోరు చేసినందుకు చీవాట్లు పడ్డాయి గానీ, బాబాయ్ ఉద్యోగం నిలబడింది. తలుపు తెరిచి ఉంటే ప్రెస్సు కదలకుండా ఒక స్విచ్చు కూడా పెట్టించారు.

మరుసటి ఏడు పూజకి, చొక్కా చిరిగిన ఆ కుర్రాడే దండ పట్టుకొచ్చాడు.

"మావా, ఎక్కడెయ్యాలో నువ్వే సెప్పు."

బాబాయ్ లైటుకి దూరంగా ఉన్న ఒక మేకు చూపించాడు. దండ అక్కడే వేశారు.

మర్నాడు ప్రెస్సు మొదలైంది. దాని అదురుకి దండ మెల్లగా జారి లైటు మీదకి వచ్చింది. నేను గబగబా అటు నడవబోయాను. ఈలోగా బాబాయ్, కుర్రాడితో ఏదో పరాచికాలాడుతూనే, చెయ్యి చాచి దండని పక్కకి జరిపి మళ్ళీ పనిలో పడ్డాడు.

షెడ్డులో ఒక్కరూ తల తిప్పి చూడలేదు.