పాలు పిండే చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే బలమైన చెయ్యి మా నాయనమ్మది. బెదిరిన గేదెను పలుపు పట్టి ఒంటిచేత్తో నిలబెట్టేది. నాన్నకి రాని డబ్బా మూతలు కూడా ఆవిడ దగ్గరికే వెళ్ళేవి. అలాంటి మనిషి, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, విషజ్వరంతో మంచం పట్టింది.

జ్వరం పదిహేను రోజుల్లో తగ్గింది. పథ్యం మాత్రం తగ్గలేదు. మా రెంటచింతల వైపు పెద్దవాళ్ళు జ్వరపడి లేస్తే చారన్నం తప్ప ఇంకేమీ పెట్టేవాళ్ళు కాదు, పూచికపుల్ల ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. అదే మర్యాద అనుకునేవాళ్ళం. మా అమ్మ ఆ మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. రెండు నెలలు గడిచేసరికి నాయనమ్మ చేతిలో మంచినీళ్ళ గ్లాసు కూడా నిలవడం మానేసింది.

ఆవిడ చేతికి తప్ప మా గేదె చేపేది కాదు. అమ్మ కూర్చుంటే పాలు బిగబట్టి కాలు విసిరేది. దూడ తాగడమే తప్ప ఇంట్లోకి చుక్క రావడం లేదు. మేత దండగని నాన్న దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఆ మాట విన్న రోజు నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. గేదె వెళ్ళిపోతే ఈవిడ ఇక మంచం దిగదని నాకు ఒకటే భయం. ఆ భయం పక్కింటి అక్కతో చెప్పుకుని ఏడ్చాను.

అక్క ఆస్పత్రిలో నర్సు. ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. నా రెండు వేళ్ళు నాయనమ్మ అరచేతిలో పెట్టి గట్టిగా నొక్కమంది. ఆ చెయ్యి నా వేళ్ళ చుట్టూ ఊరికే మూసుకుంది, అంతే. అక్క మా అమ్మవైపు తిరిగింది.

"జ్వరం తగ్గి ఎన్నాళ్ళయింది పిన్నీ? ఇంకా చారునీళ్ళే పోస్తా, మంచంలోనే ఉంచితే కండ యాడ నిలబడుద్ది?"

ఆ రోజు నుంచి పప్పు, గుడ్డు, పెరుగు పెట్టించింది. చేతికి పని చెప్పబోతే మాత్రం నాయనమ్మ ఒప్పుకోలేదు. ఈ వయసులో కసరత్తులేందని మొహం తిప్పుకుంది. అక్క వాదించలేదు. గేదె పోయేలోగా పిల్లకి పాలు పిండే విద్యన్నా నేర్పమని బతిమాలింది. ముందు తడి తుండుగుడ్డ మీద నేర్పితే చాలంది.

రోజూ పొద్దున్నే మంచం పక్కన కూర్చుని నేను గుడ్డ పిండేదాన్ని. నాయనమ్మ పడుకునే తప్పులు పట్టేది. నాలుగో రోజు ఓర్చుకోలేక లేచి కూర్చుంది.

"ఎముకల్లేనిదానిలా పట్టుకుంటావేందే? ఇటు తే."

ఆవిడ పిండితే నాలుగు చుక్కలు రాలాయి. రోషమొచ్చింది. మర్నాడు నాకంటే ముందే గుడ్డ అందుకుంది. ఆ తర్వాత అది నా చేతికి రావడమే మానేసింది. నెల తిరిగేసరికి నీళ్ళు ధార కట్టాయి, ఆవిడ గోడ పట్టుకుని దొడ్డిదాకా నడుస్తోంది.

అప్పుడొచ్చాడు గేదెల బేరగాడు. ఎదురుగా పాలు పిండి చూపించందే మా వైపు పాడిగేదె బేరం తెగదు. అమ్మ కూర్చుంది. గేదె తన్నిన తన్నుకి చెంబు ఎగిరి అవతల పడింది. బేరగాడు నవ్వాడు. ఇంతలో నాయనమ్మ మెట్లు దిగి వచ్చి, అమ్మను పక్కకి జరగమని, తను కూర్చుంది. మొదటి ధార చెంబు అడుగున ఖంగున మోగింది. ఆ తర్వాత చెంబు నురగ కట్టేదాకా ఆ చెయ్యి ఆగలేదు, గేదె కాలు కదపలేదు. తర్వాత రోజుల్లో సాగర్ గేట్లు ఎత్తితే వెళ్ళి చూశాను కానీ, అంత ఆశ్చర్యం నాకు మళ్ళీ కలగలేదు. నాన్న బేరగాడికి గ్లాసుడు పాలిచ్చి పంపేశాడు.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళి, నాకింకా పాలు పిండటం రానేలేదని గొణిగాను.

"నేర్పమంది నీకోసం కాదే పిల్లా," అంది అక్క.

ఇప్పుడు నాకు డెబ్బై. ఎవరైనా జబ్బుపడి లేచారంటే, చూడటానికి పళ్ళతో పాటు ఒలవని కందికాయలో వేరుశనక్కాయలో పట్టుకెళ్తాను. ఇంట్లోవాళ్ళు వద్దంటున్నా వాళ్ళ ఒళ్ళో పోసి, నాకు కళ్ళు ఆనడం లేదు, కాస్త ఒలిచిపెట్టమని అడుగుతాను. నా కళ్ళు శుభ్రంగానే కనపడతాయి.