చేతులు కట్టుకున్న నానమ్మతో సిరిసిల్ల దాకా

ఉదయం ఏడున్నరకల్లా జగిత్యాల బస్టాండులో ఉన్నాం. నేను, రాజవ్వ, ఆమె మనవరాలు అక్షర. అక్షరకు నాలుగేళ్ళు దాటాయి, అయినా నానమ్మ చంకలోనే ఉంది. ఆ పిల్ల చెప్పులు సంచిలో ఉన్నాయి.

"దింపు రాజవ్వా, నడుస్తది" అన్నాను.

"ఏం నడుస్తది టీచరమ్మా, మొత్తం బురద. కాళ్ళు ఖరాబయితయి" అని ఇంకా పైకి ఎగదోసుకుంది.

బస్సు ఎక్కకముందే నాకు ఒళ్ళు మండింది. కానీ ఎంత మండినా ఆ రోజు నా హుషారు తగ్గేది కాదు. రాత్రి నిద్రే పట్టలేదు, తెల్లవారితే జాతరకు పోతామన్నప్పటి చిన్నపిల్లకు పట్టనట్టు.

ఈ ప్రయాణం ఎందుకు పడిందో ముందు చెప్పాలి. నేను జగిత్యాలలో అంగన్‌వాడీ టీచర్ని. అక్షర తండ్రి శీను సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు, మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. తల్లి స్వప్న బట్టలు కుట్టే కంపెనీకి పోతుంది. పగలు చూసుకునే మనిషి లేక పిల్లను ఇక్కడ నానమ్మ దగ్గర ఉంచారు. రాజవ్వ పెద్దకొడుకు ఇంట్లో ఉంటూ బీడీలు చుడుతుంది. పోయిన నెల స్వప్న పిల్లను తీసుకుపోయి తమ వీధిలో సాయంత్రం దాకా ఉంచుకునే నర్సరీలో వేసింది. అక్షర అన్నం ముందు నోరు తెరిచి కూర్చుందట, చెయ్యి మాత్రం కదపలేదట. ఎవరైనా వచ్చి పెడతారని చూసింది. నాలుగు రోజులు మధ్యాహ్నం పస్తుండి, తిరిగి నానమ్మ చంకెక్కింది.

"ఇంకొక్కసారి చూస్త మేడం" అని స్వప్న ఫోన్లో ఏడ్చింది. "ఈసారి గూడ తినకపోతే వచ్చే ఏడు దాంక మీ దగ్గర్నే ఉంచుత. మిషన్ మీద కూసున్నా నా పానమంత ఆడనే ఉంటది."

నా దగ్గర అక్షర నీళ్ళు వంచుకుంటుంది, బొమ్మలు సర్దుతుంది. అన్నం వేళకు మాత్రం కిటికీలో రాజవ్వ ప్రత్యక్షం. ఆ మొహం కనబడిందా, పిల్ల చేతులు రెండూ పడిపోతాయి. అదే మాట చెప్పి నేనెంత వారించినా రాజవ్వ లోపలికొచ్చి ముద్దలు పెట్టి గానీ కదలదు. కాబట్టి బడి చూపించాల్సింది పిల్లకు కాదు, నానమ్మకే అనిపించింది. పెద్దవాళ్ళను కూడా కూర్చోబెట్టే బడి ఒకటి కోరుట్లలో ఉంది. నాతోపాటు ట్రైనింగ్ అయిన నస్రీన్ నడిపే పిల్లల సెంటర్ అది. ముందు కోరుట్ల, సాయంత్రానికి సిరిసిల్ల, మర్నాడు అక్షర నర్సరీకి. నేను రెండు రోజులు సెలవు పెట్టాను. మా సెంటర్‌ను ఆయమ్మ చూసుకుంటానంది.

మేడిపల్లి మీదుగా కోరుట్లకు గంట కూడా పట్టదు. ఆడవాళ్ళు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి, డబ్బులు లేకుండా జీరో టికెట్ ఇస్తారు. కండక్టరమ్మ ఇచ్చిన టికెట్ కోసం అక్షర చెయ్యి చాచింది. రాజవ్వ లటుక్కున లాక్కుంది.

"చింపుతది గిది."

"చింపితె చింపనీ అవ్వా" అని కండక్టరమ్మ నవ్వింది. "దానికేమన్న పైసలిచ్చినవా?"

బస్సంతా నవ్వింది. రాజవ్వ మూతి ముడుచుకుని టికెట్ ఇచ్చేసింది. కోరుట్ల వచ్చేదాకా ఆ కాగితం మడత కూడా పడలేదు. నేను రాజవ్వ వైపు చూశాను. ఆమె కిటికీ వైపు చూసింది.

కోరుట్ల బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, ఆటోలో నస్రీన్ సెంటర్‌కు చేరేసరికి తొమ్మిదిన్నర. గడప దగ్గర నేల మీద చిన్నచిన్న పాదాల జతలు రంగుతో గీసి ఉన్నాయి. పిల్లలు వాటి మీద చెప్పులు విడిచి లోపలికి పోతున్నారు. ఒకడు ఒలికిన నీళ్ళను గుడ్డతో తుడుస్తున్నాడు. తుడుస్తున్నాడో, ఇంకా దూరం పాముతున్నాడో గానీ ఎవరూ వాడి జోలికి పోలేదు. గోడ వారన బెంచీ మీద ముగ్గురు నానమ్మలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. బడి పిల్లలను కూర్చోమంటామే, అచ్చం అలా.

"రా అవ్వా, ఈ బెంచీ మీదే" అంది నస్రీన్. "ఎంతసేపన్న కూసో. గిక్కడ ఒక్కటే రూలు, చేతులు కట్టుకోవాలె."

"నేనేమన్న బడి పిల్లనా?"

"పిల్లలకు ఈ రూలు లేదవ్వా. పెద్దోళ్ళకే."

పక్కనున్న ఆమె జరిగి చోటిచ్చింది. "మొదాలు నాకు గూడ పానం కొట్టుకున్నది చెల్లె. రెండు రోజులైతె అలవాటయితది" అంది. రాజవ్వ అప్పుడు చేతులు కట్టుకుంది.

పదకొండింటికి ఉడికించిన గుడ్లు వచ్చాయి. ఇక్కడ పిల్లలే ఒలుచుకోవాలి. అక్షర తన గుడ్డు పట్టుకుని నానమ్మ వైపు తిప్పి చూపించింది. రాజవ్వ మోకాళ్ళు కదిలాయి, లేవబోయింది. "రూలు" అంది పక్కావిడ. అక్షర చాలాసేపు ఆ గుడ్డును అలాగే పట్టుకుంది. కింది పెదవి వణికింది. నేనే లేచి ఒలిచి ఇచ్చేసేంత పని అయింది. ఇంతలో పక్కనున్న పిల్ల తన గుడ్డును నేలకు టకటక కొట్టింది. అది చూసి అక్షరా కొట్టింది. గోరుతో పీకింది. పొట్టుతోపాటు తెల్లసొన ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది.

"అయ్యో, గుడ్డంత పొట్టుకే పాయె!" రాజవ్వ గొణిగింది. చేతులు మాత్రం విప్పలేదు.

చివరికి చేతిలో సగం గుడ్డే మిగిలింది. అక్షర దాన్ని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. తర్వాత నస్రీన్ దగ్గరికి నడిచి వెళ్ళి "ఇంకోటి" అంది.

నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. రాజవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. బయలుదేరేటప్పుడు మాత్రం బెంచీని ఒకసారి చేత్తో తడిమింది.

పన్నెండున్నరకు కోరుట్లలో బస్సెక్కాం. సిరిసిల్లకు నేరుగా పోయే బస్సు కోసం ఎదురుచూడకండి. రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ పోయి అక్కడ మారితే సుఖం. సోమవారం మాత్రం ఈ దారిలో పిల్లలతో రావద్దు, వేములవాడ శివుడు రాజన్న దర్శనానికి పోయేవాళ్ళతో కాలు పెట్టే సందుండదు. మాకు సీట్లు దొరికాయి. అక్షర సంచిలోంచి చెప్పులు తీసి తనే తొడుక్కుంది. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. చందుర్తిలో జామకాయల గంపతో ఎక్కిన ఒకామె అది చూసింది.

"పిల్ల చెప్పులు ఉల్టా ఉన్నయవ్వా."

"నాకెరికే" అంది రాజవ్వ కసిగా. "చేతులు కట్టుకున్న, కనవడ్తలేదా?"

ఆమె ఏమనుకుందో గానీ అక్షరకు ఒక జామకాయ ఇచ్చి దిగిపోయింది. వేములవాడలో బస్సు మారేటప్పుడు అక్షర ఆ ఉల్టా చెప్పులతోనే మెట్లు దిగింది. రాజవ్వ చంక ఆ మధ్యాహ్నమంతా ఖాళీగానే ఉంది.

సిరిసిల్లలో దిగేసరికి నాలుగు దాటింది. స్వప్న వాళ్ళ సందులో అడుగు పెట్టగానే రెండు పక్కలా సాంచాల చప్పుడు. మాట వినబడాలంటే అరవాల్సిందే. శీను షిఫ్టులో ఉన్నాడు. స్వప్న పిల్లను ఎత్తుకుని ముద్దులతో ముంచేసింది. రాత్రి పప్పన్నం కలిపి కంచం ముందు పెట్టి, అలవాటుగా తనే ముద్ద చేసి పిల్ల నోటి దగ్గరకు తెచ్చింది. అక్షర నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. నానమ్మను చూసింది. రాజవ్వ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని ఉంది.

"అమ్మా, చేతులు కట్టుకో" అంది అక్షర.

స్వప్న చేతిలోని ముద్ద కంచంలో పడింది. "ఏందత్తమ్మా గిది?" అంది, సగం నవ్వుతూ సగం ఏడుస్తూ.

"కట్టుకో బిడ్డా" అంది రాజవ్వ. "మొదాలు పానం కొట్టుకుంటది. తర్వాత అలవాటయితది."

సగం అన్నం చాప మీద పడింది, సగం లోపలికి పోయింది. అంత సంతోషంగా చాప దులిపిన రాత్రి నా జీవితంలో ఇంకోటి లేదు.

అసలు పరీక్ష మర్నాడు. స్వప్న మధ్యాహ్నం దాకా పర్మిషన్ తీసుకుంది. నర్సరీ గేటు బయట ముగ్గురం నిలబడ్డాం. లోపల అన్నం గంట కొట్టారు. నేను గేటు సందులోంచి చూడబోతే రాజవ్వ నా కొంగు పట్టి లాగింది. "నీ మొహం కనవడితె పిల్ల చెయ్యి పడిపోతది టీచరమ్మా" అంది. నా మాట నాకే అప్పజెప్పింది! కాసేపటికి అక్కడి ఆయమ్మ బయటికి వచ్చింది.

"తిన్నది. పప్పంత గౌను మీదనే ఉన్నది గని, తిన్నది."

స్వప్న నన్ను కౌగిలించుకుంది. నేను రాజవ్వను కౌగిలించుకున్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఏ లాటరీ తగిలిందో అనుకుని ఉంటారు. పోయొస్తామని చెప్పడానికి లోపలికి వెళ్తే అక్షర చేతులు కడుక్కునే వరసలో ఉంది. మాకు చెయ్యి ఊపి, తన చోటు పోతుందని గబగబా వరసలోకి తిరిగింది.

రెండింటి బస్సుకు తిరుగు ప్రయాణం. వేములవాడలో జగిత్యాల బస్సు వెంటనే దొరికింది. రెండు రోజుల్లో మూడు ఊళ్ళు తిరిగాను, గుడి మెట్టు ఒక్కటి ఎక్కలేదు, చూడదగ్గ చోటు ఒక్కటి చూడలేదు. అయినా ఇంత బాగా జరిగిన ప్రయాణం నాకు మరొకటి గుర్తులేదు.

కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, రాజవ్వ దాని మీద సంచి పెట్టింది. తర్వాత సంచిలోంచి స్వప్న ఇచ్చిన డబ్బా తీసి మూత తెరిచింది. అందులో ఒక గుడ్డు. నిండా గోటి గాట్లు, అక్కడక్కడ పొట్టు.

"పొద్దుగాల నాకోసం ఒలిచిందంట" అంది రాజవ్వ. కొరికింది. పంటి కింద పొట్టు కరకరమంది.

"ఆగు రాజవ్వా, ఇటియ్యి. పొట్టు తీసిస్త" అని చెయ్యి చాచాను.

ఆమె డబ్బా అటు జరుపుకుంది.

"చేతులు కట్టుకో టీచరమ్మా" అంది.

కట్టుకున్నాను, జగిత్యాల వచ్చేదాకా.