కవల గౌనులో నల్లముడి

అచ్యుతాపురం సెజ్‌లో ఎగుమతి దుస్తులు కుట్టే ఫ్యాక్టరీ ఒకదానిలో, ప్యాటర్న్ విభాగం ఇన్‌ఛార్జిగా నేను చేసిన చివరి పెద్ద పని కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఆషాఢంలో మొదలైంది. అప్పటికి నా రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది. ప్యాటర్న్ అంటే తెలియనివారి కోసం ఒక్క మాట. టైలరు ఎదురుగా ఉన్న మనిషికి కుడతాడు. ప్యాటర్న్ మాస్టరు ఎన్నడూ చూడబోని ఆరు సైజుల మనుషుల కోసం కాగితం మీద గౌను గీసి, ముక్కలుగా కోసి ఇస్తాడు. ఆ కాగితం ముక్కలను బట్టే గుడ్డ కత్తిరిస్తారు. నా పైన ఫ్యాక్టరీ మేనేజరు, నా కింద నలుగురు కట్టర్లు, ఆరుగురు శాంపిల్ ఆపరేటర్లు ఉండేవారు.

నేను డిప్లొమా చేసిన మనిషిని కాను. బడికి కూడా వెళ్లలేదు. మా మేనత్త ఇంట్లోనే అక్షరాలు, లెక్కలు, కుట్టు ఒకే చాప మీద కూర్చోబెట్టి నేర్పింది. భిన్నాలు నాకు గజం గుడ్డ మీద వచ్చాయి. ఆమె పెట్టిన భిక్షతోనే ఉక్కునగరం క్వార్టర్లో సంసారం చేసుకుంటూ, కంపెనీ బస్సెక్కి ఇన్నేళ్లు ఉద్యోగం చేశాను. ఆ తల్లికి రోజూ దణ్ణం పెట్టుకున్నాకే కత్తెర పట్టేదాన్ని.

ఆ ఏడాది వచ్చిన పని మామూలుది కాదు. విదేశీ కొనుగోలుదారు, అంటే మా భాషలో బయ్యర్, సముద్రం రంగుల్లో ఎనిమిది రకాల గౌన్ల కలెక్షన్ అడిగారు. ప్రతి గౌనుకూ కంప్యూటర్లో డిజిటల్ ట్విన్ ఉండాలన్నారు. కొన్నవారికి గౌను పెట్టెలో వెళ్తుంది, దాని జంట ఫోన్లో వెళ్తుంది. ఫోన్లో దాన్ని బొమ్మకు తొడగవచ్చు, తిప్పవచ్చు, తిరగేసి లోపలి కుట్లు కూడా చూడవచ్చు. డబ్బు పోసి గౌను కొన్నవాళ్లకి దాన్ని తిరగేసి చూసే తీరిక ఎక్కడుంటుందని నేను అనుకున్నాను. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

మేనేజర్ శేషగిరిరావు గారు మొదటి మీటింగులోనే, నిజం గౌనుకూ దాని కవలకూ పోగు తేడా రాకూడదని చెప్పారు. కవల అన్న మాట ఆయనదే. లైన్లో కుట్టే ఆడవాళ్లు దాన్ని అక్కడితో వదల్లేదు. గుడ్డతో కుట్టినదాన్ని అక్క అనీ, కంప్యూటర్లోదాన్ని చెల్లి అనీ పిలవసాగారు. "మాస్టరమ్మా, నీలం అక్కకి జిప్పేసేసేం. చెల్లికేసేరా లేదా?" అని అడిగేవారు. వారం తిరక్కుండానే మేనేజరు గారు కూడా ఫోన్లో ఎవరితోనో "చెల్లి లేటండీ" అనడం విన్నాను.

పద్ధతి ఇలా ఉండేది. నా ప్యాటర్నుతో శాంపిల్ ఆపరేటర్ మొదటి గౌను కుడుతుంది. దాన్ని తిరిగే బల్ల మీది బొమ్మకు తొడిగి, ఆపైన తిరగేసి, లోపలా బయటా వందల ఫొటోలు తీస్తారు. వాటిని కంప్యూటర్లో నా ప్యాటర్న్ మీద పొదిగితే చెల్లి తయారవుతుంది. బయ్యర్ చూసి ఒప్పుకుంటే సీల్ వేస్తారు. సీల్ పడ్డాక అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. పూర్వం ఆ సీల్ నిజం గౌనుకు పడేది. ఈసారి చెల్లికి పడింది. అంటే ఇక మీదట అక్క చెల్లిలా ఉండాలి.

చెల్లెళ్లను తయారుచేసే అమ్మాయి శ్రావణి. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వచ్చి, విశాఖ ద్వారకా నగర్‌లో కంప్యూటర్ డిజైన్ కోర్సు చేసింది. అంతకుముందు రెండు కంపెనీలు ఆమెను ప్రొబేషన్‌లోనే ఇంటికి పంపాయి. ఇక్కడ ఆమె ప్రొబేషను ఈ సరుకు తనిఖీ జరిగే వారంతో ముగుస్తుంది. అక్కచెల్లెళ్ల మధ్య చెల్లి వల్ల ఒక్క తేడా తేలినా కన్ఫర్మేషన్ లేదని ఆఫర్ లెటర్లోనే రాశారు. "ఈసారీ పంపించేస్తే మా మావయ్య బట్టల కొట్లో కూర్చోమంటాడు మేడమ్. అక్కడ నైటీలు మడతపెట్టడమే డిజైన్" అనేది నవ్వుతూ. నవ్వులో భయం నాకు తెలుస్తూనే ఉండేది.

ఇక నా సంగతి. కొత్త గౌను మొదటిది కుట్టించినప్పుడల్లా, లోపలి అంచు మడతలో నల్లదారంతో చిన్న ముడి వేయడం నాకు అలవాటు. పసిబిడ్డ అరికాలికి కాటుక చుక్క పెట్టినట్టే. మేనత్త నేర్పింది, ముప్పై ఏళ్లుగా వేశాను. మొదటి శాంపిల్ ఎప్పుడూ అల్మరాలోనే ఉండిపోయేది కనుక ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఈ కలెక్షన్లో మొదట కుట్టిన నీలం గౌనుకు కూడా వేశాను. శ్రావణి దాన్ని తిరగేసి ఫొటోలు తీసుకుంది.

ఎనిమిదింటికీ సీల్ పడి, లైన్లో కుట్టుబడి మొదలయ్యాక, బయ్యర్ ఆఫీసు నుంచి తేడాల నివేదిక వచ్చింది. నీలం గౌను చెల్లికి లోపలి అంచులో నల్లటి బిందువు ఉంది, లైన్ నుంచి పంపిన గౌనుకు లేదు, కారణం తెలపండి అని. మేనేజరు గారు శ్రావణిని పిలిచి, కెమెరా మీద దుమ్ము తుడుచుకోవడం కూడా రాదా అని అందరి ముందూ అడిగారు. ఆ పిల్ల తన కంప్యూటరు దగ్గరికి వెళ్లింది. ఆ బిందువును తెర మీద పెద్దది చేసి నా దగ్గరికి తెచ్చింది.

"ఇది దుమ్ము కాదు మేడమ్. దుమ్ముకి మూడు పోగులుండవు కదా?"

ఉండవని ఒప్పుకున్నాను. అది నేను వేసిన ముడేనని మాత్రం చెప్పలేదు. చదువులేని మనిషిని ఇన్‌ఛార్జిని చేస్తే ఇంతే అంటారని భయం. ఆ రోజు అలాగే దాటవేశాను. మర్నాడు పొద్దున్న మేనత్త ఫొటో ముందు దీపం కూడా పెట్టకుండా బయల్దేరాను. బస్సు దిగగానే నేరుగా మేనేజరు గారి గదికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "దిష్టికాండీ?"

"దిష్టికేనండి."

"గౌనుకా, కంపెనీకా?"

గౌనుకేనన్నాను. ఆయన శ్రావణిని పిలిచి దుమ్ము మాట వెనక్కి తీసుకున్నారు. అందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. చెల్లికి ఆ ముడి తీసేయమని అడుగుతూ బయ్యర్‌కు మెయిల్ పెట్టారు. జవాబు మధ్యాహ్నానికే వచ్చింది. ఒక్కదాని సీల్ విప్పితే ఎనిమిదింటి ఆమోదాలూ మొదటి నుంచి మొదలవుతాయట, అప్పటికి ఓడ వెళ్లిపోతుందట. కాబట్టి దయచేసి నిజం గౌన్లను సరిచేయండి అన్నారు. అంటే అప్పటికే కుట్టినవాటితో సహా లైన్లో ప్రతి నీలం గౌనుకూ దిష్టి ముడి వేయాలి.

వేయాలంటే ముందు దానికి కొలతలు రాయాలి. గౌను తయారీ వివరాలన్నీ ఉండే పత్రాన్ని టెక్ ప్యాక్ అంటారు. అందులో కొత్త వరుస చేర్చాం. నల్లదారం ముడి, ఎడమ పక్క కుట్టు నుంచి మూడు సెంటీమీటర్లు, సైజు నాలుగు మిల్లీమీటర్లు, అర మిల్లీమీటరు అటూ ఇటూ. చివర్లో 'ప్రయోజనం' అనే గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు కదలదు. మేనేజరు గారు నా మొహంలోకి చూసి, 'పటిష్ఠత' అని కొట్టారు. పటిష్ఠత కోసమైతే బలపరీక్ష చేయాలని రెండోరోజు కబురొచ్చింది. ముడిని యంత్రం పట్టులో బిగించి లాగారు. గుడ్డ చిరిగింది కానీ ముడి ఊడలేదు. మా మేనత్త ముడి అంతర్జాతీయ ప్రమాణాలకు నిలిచిందన్న కాగితం మీద విభాగాధిపతిగా నేనే సంతకం పెట్టాను.

లైన్లో ఆ పని అప్పలనరసమ్మకు అప్పగించాం. భీమిలి వైపు చేపలవాళ్ల ఆడపడుచు, ఇంట్లో వలలు బాగుచేసిన చేయి. ఆమె వేసిన ముడులన్నీ అచ్చు గుద్దినట్టు ఉండేవి. కానీ మొదటి రోజే అడిగింది.

"అన్నిటికీ ఏసెత్తే అది డిజైనైపోనాది కదా మాస్టరమ్మా. మరి దిష్టికేటి?"

 పనిలో పడి, అన్నిటికీ దేవుడే ఉన్నాడని తప్పించుకున్నాను.

తనిఖీ రోజు బయ్యర్ తరఫున ఒక యువకుడు వచ్చాడు. మర్యాదస్తుడు. ముందే రాసుకొచ్చిన నంబర్ల ప్రకారం పెట్టెలు తెరిపించి కొన్ని గౌన్లు తీయించాడు. మన కర్మకొద్దీ నీలంలో తేలిన మొదటి నంబరే లైన్లో తొట్టతొలిగా కుట్టిన గౌను. దాన్ని తిరగేశాడు, పలకలాంటి కంప్యూటర్లో చెల్లినీ తిరగేశాడు. రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"ఇక్కడ రెండు ముడులు. అక్కడ ఒకటే" అన్నాడు.

మేనేజరు గారు ఉలిక్కిపడి, ట్విన్‌లో ఒకటి మిస్సయిందేమో అన్నారు. ఆయన కావాలని అనలేదు. ఆ గదిలో అందరి కళ్లూ శ్రావణి మీదికి వెళ్లాయి. ఆమె ప్రొబేషను శుక్రవారంతో సరి. అది మంగళవారం.

గుమ్మం దగ్గర నిలబడ్డ అప్పలనరసమ్మ నా చెవిలో, "నానే ఏసేను మాస్టరమ్మా. మొదటి గౌనుకి దిష్టి లేకపోతే ఎలాగని" అంది. నేను ఆమె చేయి నొక్కి ముందుకు వెళ్లాను. చెల్లి సరిగ్గానే ఉందనీ, తేడా గౌనులో ఉందనీ, ఆ ముడి పద్ధతి నా విభాగం నుంచే వచ్చిందనీ, బాధ్యత నాదేననీ చెప్పాను.

అతను నోట్సు చూసుకున్నాడు. "మొదటి ముడికి పటిష్ఠత అని రాశారు. రెండోది దేనికి?"

"మొదటిదీ దిష్టికేనండి. మీరు దాన్ని డిజైన్ చేసేశారు. అందుకని ఇంకోటి వేయాల్సొచ్చింది."

మేనేజరు గారు పైకప్పు చూశారు. ఆ అబ్బాయి నవ్వలేదు. లోపాల జాబితా మొత్తం వెతికాడు. దిష్టికి సంకేతం లేదు. ఉన్నవాటిలో దగ్గరిది 'కత్తిరించని దారం'. అది చిన్న లోపాల కోవలోకి వస్తుందట. టెక్ ప్యాక్‌లో పటిష్ఠత అన్న మాట కొట్టేసి 'అలంకరణ' అని మార్చమన్నాడు. అలంకరణకు బలపరీక్ష అక్కర్లేదు. ఆ ఒక్క గౌను పక్కన పెట్టించాడు. మిగతా వాటిలో ఏ తేడా దొరకలేదు. సరుకు పాసయింది.

"సూసేరా? ఇన్నిట్లోనీ పోయినదది ఒక్కటే. దానికే తగిలింది" అంది అప్పలనరసమ్మ. ఎవరూ కాదనలేకపోయారు.

శుక్రవారం శ్రావణికి కన్ఫర్మేషన్ లెటర్ వచ్చింది. అదే రోజు నాకు మెమో వచ్చింది, నా సర్వీసులో మొదటిదీ చివరిదీ. 'అనుమతి లేని అదనపు ముడి' అన్నది విషయం. అప్పలనరసమ్మ పేరు అందులో లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుని సంతకం చేసి తీసుకున్నాను. పక్కన పెట్టిన గౌనును నియమం ప్రకారం నేనే ముక్కలు చేశాను. పెట్టెలో వెళ్లే ప్రతి గౌనుకూ విడిగా నంబరేసిన చెల్లి నకలు ఒకటి ఉంటుంది. దీని నకలుకు అప్పటికే నంబరు ఇచ్చేసి ఉండటంతో దాన్ని తీసేసే పద్ధతి ఎవరికీ తెలియలేదు. గౌను లేని కవలగా అది బయ్యర్ కంప్యూటర్లో ఉండిపోయింది.

ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. చేతి అలవాటుతో చేసేదేదైనా సీల్ పడకముందే కాగితం మీదికి రావాలి. పడ్డాక అది లోపమో డిజైనో అవుతుంది, రెంటిలో ఏదన్నది మన చేతిలో ఉండదు. రెండోది, ఫ్యాక్టరీలో ఎవరూ ఒప్పుకోని తప్పు కిందికి జారి జారి, సర్వీసు తక్కువున్న మనిషి దగ్గర ఆగుతుంది. తప్పు మనదైతే ఆ రోజే చెప్పాలి. నాకు మొదటిసారి ఒక రోజు ఆలస్యమైంది.