చీకట్లో చెప్పే మాట

మా మరమగ్గాల షెడ్డులో ఎవరూ గొంతు చించుకోరు. చించుకున్నా లాభం లేదు. మగ్గాలన్నీ ఒక్కసారిగా అందుకుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అందుకే పెదవులు కదిపి మాట్లాడుకుంటాం, కళ్లతో వింటాం. ఈ విద్యలో మాతో మగ్గం నడిపే ఒకావిడను మించినవాళ్లు లేరు. షెడ్డు ఈ చివర నిలబడి ఆ చివరనున్న మనిషికి, పొద్దున కూర మాడిన సంగతి దగ్గర్నుంచి కోడలి మీద కోపం దాకా, గొంతులో చప్పుడు పుట్టకుండా చెప్పేయగలదు. అందుకే రేడియో అక్క అని పేరు పెట్టాం. పెట్టింది నేనే. మగ్గాలు బాగుచేసే మెకానిక్‌ని కాబట్టి షెడ్డంతా తిరుగుతుంటాను, అందరి కబుర్లూ నా కంట పడుతుంటాయి.

పక్క మగ్గం ఆవిడ చెల్లెలిది. పెళ్లిళ్లయి ఎవరి కాపురాలు వాళ్లకు ఏర్పడినా పక్కపక్క మగ్గాలు మాత్రం వదల్లేదు. చెల్లెలి మగ్గం మీద పోగు తెగితే ముందు అక్క చెయ్యే వెళ్లేది. "ఇంత వయసొచ్చినా దీని ముక్కు నేనే తుడవాలి" అని విసుక్కునేది. ఆ విసుగు ఉత్తుత్తిదే.

ఒకసారి కంపెనీ నుంచి అందరి ఫోన్లకూ ఒక లింకు వచ్చింది. యంత్రాల మధ్య పనిచేసే లక్షల మందికి ఆసుపత్రి గుమ్మం ఎక్కే పని లేకుండా ఆన్‌లైన్‌లోనే వినికిడి పరీక్ష అట. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే హోరు మధ్యలోంచి ఒక గొంతు అంకెలు చెబుతుంది, విన్నవి తెర మీద నొక్కాలి. తేడా కనబడితే డాక్టరు చూస్తాడు, అవసరమైతే రొద లేని పనికి మారుస్తారు. మా దగ్గర రొద లేని పనంటే నేసిన గుడ్డను సర్దే మడత గది ఒక్కటే. పరీక్ష ఒంటరిగా కూర్చుని చేయాలని కూడా రాసి ఉంది. మేము ఏ పనైనా ఒంటరిగా చేసి ఉంటే కదా!

తర్వాత జరిగింది చాలాకాలానికి ఆవిడే నాకు చెప్పింది. అక్కచెల్లెళ్లిద్దరూ నూలు గోదాములో బేళ్ల మధ్య కూర్చున్నారు. అక్క పరీక్ష చిటికెలో అయిపోయింది. చెల్లెలి వంతు వచ్చేసరికి, సరిగ్గా వస్తోందో లేదో చూస్తానంటూ అక్క ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలోనే ఉంచుకుంది. అంకె వినపడగానే పెదవులు వాటంతట అవే కదిలాయి. షెడ్డులో ఏళ్ల తరబడి అలవాటైన పనే అది. చెల్లెలు టకటకా నొక్కుకుంటూ పోయింది. కాసేపటికి అక్కకు అర్థమైంది, చెల్లెలి చూపు తన నోటి మీదే ఉందని. పెదవులు బిగించి చూసింది. చెల్లెలి వేలు ఆగిపోయింది.

అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. చెల్లెల్ని మడత గదికి పంపేస్తే పక్క మగ్గం మీదికి ఎవరో కొత్త మనిషి వస్తుందనే ఆలోచనే భరించలేకపోయింది. మళ్లీ పెదవులు కదిపింది. వినికిడి బాగుందంటూ తెర మీద పచ్చ టిక్కు పడింది. చెల్లెలు దాన్ని నిజంగానే నమ్మి, షెడ్డంతా తిప్పి చూపించింది.

రెండు వేసవులు గడిచాయి. నూలు ఎండిపోకుండా కిటికీలు మూసే ఉంచుతాం కాబట్టి, కరెంటు పోతే పట్టపగలు కూడా మా షెడ్డు చీకటి గుయ్యారం. ఒక రోజు అలాగే కరెంటు పోయి మగ్గాలు ఆగగానే అందరికీ నోళ్లు లేచాయి. ఆ చీకట్లోనే చెల్లెలు తలుపు వైపు నడుస్తున్న గాజుల చప్పుడు వినిపించింది. దారిలో నూలు కండెల బండి ఉంది.

"అమ్మా, ఆగు! ఎదురుగా బండి ఉంది!" అని అరిచాను.

"ఒసేయ్, ఆగవే!" అని అక్క కేక పెట్టింది. తలా ఒకరం అరిచాం. గాజుల చప్పుడు ఆగలేదు. బండి మీద పడి మోకాలు చీరుకుపోయింది.

కరెంటు వచ్చాక నేల మీద కూర్చుని మమ్మల్నందర్నీ ఎగాదిగా చూసింది. "అలా గుడ్లప్పగించి చూస్తారేం? బండి ఉందని ఒక్కళ్లైనా చెప్పొచ్చుగా!" అంది.

అక్క కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

డాక్టరు దగ్గరికి వాళ్ల వెంట నేనూ వెళ్లాను. రొదలో పనిచేసేవాళ్లకు చెవి నెమ్మదిగా పోతుందనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పాడు. "కాస్త ముందు వచ్చుంటే మిగిలిందైనా కాపాడేవాళ్లం. ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదా?" అని కాగితం మీద రాసి అడిగాడు.

"చేయించుకున్నానండీ. ఆన్‌లైన్‌లో. పాసయ్యాను" అంది చెల్లెలు గొప్పగా.

అక్క తల దించుకుంది. బయటికొచ్చాక నాతో సంగతంతా చెప్పింది. నేను ఒళ్లు మండి నాలుగు తిట్టాను. తిట్టాక నాకే మనసు చివుక్కుమంది.

ఇప్పుడు చెల్లెలు మడత గదిలో పనిచేస్తోంది. చెవి మిషన్ పెడితే చప్పుళ్లే వస్తున్నాయి, మాటలు రావడంలేదని తీసి డబ్బాలో పెట్టేసింది. పక్క మగ్గం మీద కొత్త మనిషి ఉంది. ఆమెతో రేడియో అక్క అవసరానికి మించి పెదవి కదపదు.

కరెంటు పోయినప్పుడల్లా చెల్లెలు మడత గది గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. అక్క తడుముకుంటూ వెళ్లి, ఫోన్ టార్చి వెలిగించి తన ముఖం మీదే వేసుకుంటుంది. "ఇక్కడే ఉన్నానే" అంటుంది.

"దెయ్యంలా ఉన్నావే" అని చెల్లెలు నవ్వుతుంది.

కాసేపు కబుర్లయ్యాక అక్క టార్చి ఆర్పేస్తుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆ చీకట్లో అంటుంది: "నా వల్లేనే. తెలిసి తెలిసి చేశాను. నన్ను క్షమించవే."

షెడ్డులో ఉన్న మా అందరికీ ఆ మాట వినపడుతుంది.

చెల్లెలు ఆ చీకట్లోకి చూస్తూ, "చార్జింగ్ అయిపోయిందా అక్కా? నా ఫోన్ తెచ్చివ్వనా?" అంటుంది.