తొమ్మిదో స్తంభం దాకా

మా బడికి ఆటస్థలం లేదు. ఒకవైపు పులికాట్ సరస్సు ఉప్పునేల, ఇంకోవైపు చేపలు పట్టేవాళ్ల ఇళ్లు, నడుమ మా ప్రహరీగోడ. ఆ గోడ చుట్టూ ఇరవై నాలుగు స్తంభాలున్నాయి. ఉషారాణి వచ్చేదాకా వాటిని లెక్కపెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పదహారేళ్లుగా అక్కడే తెలుగు చెబుతున్న నాకూ రాలేదు.

ఉషారాణిది సంగం అనే ఊరు, వరి పండించే ఇల్లు. పద్దెనిమిదేళ్లకే జిల్లా పోటీల్లో పరుగెత్తింది. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని కోచ్ తరిమి తరిమి ఆమె మోకాలు పాడుచేసి, తర్వాత శిక్షణకు ఇంకో పిల్లను చూసుకున్నాడు. ఈమె వ్యాయామ టీచరు చదువు చదివి, కాంట్రాక్టు ఉద్యోగంలో మా దగ్గర తేలింది. రోజూ సూళ్లూరుపేట నుంచి షేర్ ఆటోలో దిగి, కుడికాలు ఈడుస్తూ లోపలికి వచ్చేది. పరుగు నేర్పడానికి కుంటిదాన్ని పంపారని మేము స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లం. మాకు వేరే కాలక్షేపం లేదు.

ఆమె పద్ధతి ఒక్కటే. పిల్లలకు లక్ష్యం తను పెట్టదు. "ఆగకుండా ఎన్నో స్తంభం దాకా పోగలవో నువ్వే చెప్పు. నెలాఖరుకు దాని మీద ఒకటో రెండో పోదాం" అనేది. పిల్లలు చెప్పింది నోటుపుస్తకంలో రాసుకునేది. ఎవరైనా గొప్పకు ఇరవై అంటే నవ్వి, "నిజం చెప్పు" అని మళ్లీ అడిగేది.

నాలుగో తరగతి దుర్గను అందరూ బస్తా అనేవాళ్లు. తల్లి పోలేరమ్మ ఎండలో రొయ్యలు ఏరి ఏరి పుల్లలా తయారైంది, పిల్ల మాత్రం ఏటేటా లావెక్కింది. డ్రిల్లు పీరియడు వస్తే నీళ్ల ట్యాంకు వెనక దాక్కునేది. జూలైలో ఉషారాణి అక్కడికే వెళ్లి పక్కన కూర్చుని అడిగింది. "రెండు" అంది దుర్గ. రెండే రాసింది. రెండు నాలుగైంది, నాలుగు ఆరైంది. నవంబరు చివర తొమ్మిదో స్తంభాన్ని అరచేత్తో తట్టి ఆ పిల్ల వెనక్కి తిరిగి నవ్వింది. ఆ బడిలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. టీచర్ చెప్పిన మాట ఎప్పుడూ తప్పదని దుర్గ గట్టిగా నమ్మింది. ఆ నమ్మకంతోనే రోజూ ట్యాంకు వెనక నుంచి బయటికి వచ్చేది.

డిసెంబరులో పిల్లల ఆరోగ్యం మీద వీడియో తీయడానికి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. పిల్లలందరూ గోడ చుట్టూ ఒక రౌండు ఆగకుండా పరుగెత్తుతారని హెడ్మాస్టరు నరేంద్రబాబు ముందే రాసి పంపేశాడు.

"దుర్గ తొమ్మిది దాకానే పోతాది సార్. ఆ పిల్లను క్లాసులో కూర్చోబెడదాం" అంది ఉషారాణి.

"వందకు వంద అని రాసినానమ్మా. మార్చిలో నీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేది నేనే గదా. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. ఎక్కువసేపు పట్టలేదు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే దుర్గ భుజం మీద చెయ్యి వేసి, "ఇరవై నాలుగూ అయిపోతాది నీకు. నేను చెప్తా ఉండాను గదా" అంది. దుర్గ తలూపింది. అనుమానం పడలేదు. నేను పక్కనే ఉన్నాను, నోరు మెదపలేదు. నాది పర్మనెంటు ఉద్యోగం, అయినా మెదపలేదు.

పరుగు మొదలైంది, దుర్గ తొమ్మిదో స్తంభం దాటింది. పన్నెండు దగ్గర నోరు తెరుచుకుంది. ప్రతి స్తంభం దగ్గరా తల తిప్పి టీచర్ వైపు చూస్తోంది. టీచర్ పొమ్మన్నట్టు చెయ్యి ఊపుతోంది. పదహారో స్తంభం దగ్గర ఆ పిల్ల మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుంది. లంగా తడిసిపోయింది. "బస్తా కారిపోయిందిరా" అని ఎవడో అరిచాడు. బడి బడంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, పళ్లు బిగబట్టుకున్నాను. ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

"ఆ పిల్ల వీడియోలో రాకుండా చూసుకోండి" అని ఆఫీసరు ఫోను పక్కకు తిప్పాడు.

పంపు దగ్గర ఉషారాణి దుర్గ కాళ్లు కడుగుతూ ఏడ్చింది. "ఏం చేసేదమ్మా, నిన్ను పరిగెత్తించకపోతే నా ఉద్యోగం పోతాది" అంది. తొమ్మిదేళ్ల పిల్లతో చెప్పుకోవాల్సిన మాటేనా అది?

జనవరి మొదటి సోమవారం కొత్త లెక్కలు రాసుకోవడానికి పిల్లల్ని వరసలో నిలబెట్టింది. దుర్గ కూడా వచ్చింది.

"ఈ నెల ఎన్నో స్తంభం దాకా పోతావమ్మా?"

"మీ ఉద్యోగానికి ఎన్ని కావాల్నో అన్ని రాసుకోండి టీచర్. ఎవరన్నా అడిగితే అన్నీ పరిగెత్తినానని చెప్తాను."

దెప్పుతూ అనలేదు. నిజంగా సాయం చేద్దామనే అంది. వరసలో దుర్గ వెనకున్న పిల్ల ముందుకొచ్చి, "నాక్కూడా అట్నే రాసుకోండి టీచర్" అంది.