జేజి మగ్గం కాడ ఇద్దరు ధైర్యవంతులు

ఆ రోజుల్లో మా ధర్మవరంలో దయ్యాలకు రాత్రిళ్ళతో పని ఉండేది కాదు. కరువు ఎండాకాలం మిట్టమధ్యాహ్నమే వాటికి చాలు. బావులు అడుగంటి, కాకులు నోరు తెరుచుకుని గోడనీడకు చేరితే, సుడిగాలి ఒక్కటే ఎవర్నో వెతుక్కుంటా ఇంటింటి ముందరా తిరిగిపోయేది. అన్నాలు తిని అందరూ వాలిపోయినాక వీధిలో మగ్గాలన్నీ ఆగిపోతాయే, అప్పటి నిశ్శబ్దం చెవుల్లో దూది కూరినట్లుండేది. నేను ఐదో తరగతితో చదువు చాలించి, కొత్తగా కాపురానికొచ్చినదాన్ని. నాకన్నీ నమ్మకాలే. దేవుళ్ళు, దయ్యాలు, బల్లిపాటు, ఏదీ వదిలింది లేదు.

ఏ నమ్మకమూ లేని మనిషి మా చిన్నమామ, అంటే మా మామ తమ్ముడు. పండగనాడు కూడా దేవుడు లేడనే చెప్పేవాడు (విస్తట్లో ఓళిగలు మాత్రం ఉన్నాయని ఒప్పుకునేవాడు). ఆయన ప్రాణస్నేహితుడు పక్కింటి అయ్యవారు. బడిలో పంతులుగా పనిచేసి రిటైరైన క్రైస్తవుడు. ఆయన కళ్ళకు పొర కమ్మి అక్షరాలు ఆనవు. అందుకని రోజూ సాయంత్రం మా అరుగు మీద ఆయనకు బైబిలు చదివి వినిపించేది ఎవరనుకున్నారు? మా చిన్నమామే! ఒక వాక్యం చదవడం, "ఇది జరిగే పనేనా అయ్యవారూ?" అని ఆపడం. "ముందు చదువప్పా, కొట్లాట తర్వాత" అని ఆయన. ఒకరికొకరు నీళ్ళ గ్లాసు అందించుకుంటానే ఒకరి మాట ఒకరు కాదనేవాళ్ళు.

ఆ యేడు మా జేజి, చిన్నమామను కన్నతల్లి, మా ఆడబిడ్డ పెండ్లిచీర సగం నేసి కన్ను మూసింది. అంతదాకా కండెలు చుట్టడం తప్ప నన్ను మగ్గమెక్కనిచ్చినోళ్ళు లేరు. బతిమాలి బతిమాలి ఆ మిగిలిన సగం అడిగి తీసుకున్నాను. ఎండలకు పట్టుపోగు పెళుసెక్కి పుటుక్కున తెగుతుందని, మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతలో తడి గోనెసంచి పరచడం మా వాడుక. ఇంటికి రెండు బిందెలు దొరికితే గొప్ప. నేను నా స్నానం నీళ్ళు దాచి, ఎవరికీ చెప్పకుండా (చెప్తే మా అత్త ఏమంటుందో మీకు తెలీదు) పొద్దున్నే గుంతలో పోసేదాన్ని.

నేను మగ్గమెక్కిన మూడో దినం మధ్యాహ్నం, మూసిన గదిలోంచి మగ్గం చప్పుడు. టక్. కాసేపాగి, మళ్ళీ టక్. మోకాళ్ళ నొప్పులతో జేజి తొక్కేది అచ్చం అట్లనే. ఇంట్లో అందరమూ విన్నాము.

"ఆయమ్మ ఇంకొకర్ని కూర్చోనీదు. రేపు పడుగు కోసి నిప్పంటిచ్చేద్దాం" అనింది అత్త. నా మొదటి చీర!

"ఒక్కదినం ఆగు వదినా. చచ్చినోళ్ళు యాడొస్తారు?" అన్నాడు చిన్నమామ.

"రారమ్మా. దేవుని దగ్గర నిమ్మళంగా ఉంటారు" అన్నాడు అయ్యవారు.

"మట్టిలో ఉంటారు అయ్యవారూ."

"యాడన్నా ఉండనీ, మగ్గంలో అయితే ఉండరు కదప్పా?"

"ఆ మాటకు ఒప్పుకుంటా."

ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది అదే మొదలు. మరుసటి మధ్యాహ్నం ముగ్గురమూ ఆ గది ముందర నిలబడినాము. తలుపు కొంచెం తోస్తే లోపల చీకటి. తడిమట్టి వాసన, దాంట్లో జేజి వక్కాకు వాసన కూడా వచ్చిందని నేను ఇప్పటికీ అంటాను. తొక్కేవాళ్ళు లేకుండానే పడుగుపోగులు మెల్లగా లేచినాయి, మెల్లగా దిగినాయి. టక్.

"పోండి అయ్యవారూ, మీకు దేవుడు తోడున్నాడు."

"నువ్వు పోప్పా. లేనిదానికి నీకు భయమేంది?"

"పెద్దవారు ముందర..."

"ఇల్లు మీది నాయనా..."

అంతలో గుంతలోంచి ముసలిమనిషి విడిచినట్లు ఒక పెద్ద నిట్టూర్పు. "అమ్మా" అన్నాడు చిన్నమామ. భయపడి అన్నట్లు కాదు, పిలిచినట్లు. అయ్యవారు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

నాకు అప్పుడు తట్టింది. మా ముగ్గురిలో దయ్యాన్ని నమ్మేదాన్ని నేనొక్కదాన్నే. అది జేజి అయితే నాకు పరాయిదా? నా తల దువ్వి జడేసిన మనిషి! "జేజీ, నేనే" అంటా లోపలికి పోయినాను.

గుంతలో నా తడి గోనెసంచి మీద, నాలుగు పిల్లలకు పాలిస్తా ఒక వీధికుక్క. గోడ కింద తూములోంచి దూరింది. పిల్లలు పొర్లాడినప్పుడల్లా కాళ్ళతో తొక్కే చెక్కలు కదులుతాండాయి.

"చూసినారా, కుక్క!" అని ఎగిరినాడు చిన్నమామ.

"దప్పికైనదానికి నీళ్ళు చూపించినది ఎవరప్పా?" అన్నాడు అయ్యవారు.

"నా కోడలు!"

నీళ్ళ సంగతి బయటపడి అత్త చేత తిట్లు తిన్నాను గానీ చీర నేసే పని నాకే దక్కింది. కుక్కను పెరట్లో నీడకు మార్చినాము. వాళ్ళిద్దరూ ఇంకా ఏండ్ల తరబడి వాదించుకున్నారు. అయితే చిన్నమామ నోటివెంట వచ్చిన ఆ "అమ్మా"ను అయ్యవారు ఒక్కనాడు కూడా వాదంలోకి లాగలేదు.

తర్వాత కొన్నేండ్లకు అయ్యవారు పోయినాడు. మళ్ళీ అట్లాంటి ఒక మధ్యాహ్నం అరుగు మీద మాటలు వినబడి తొంగిచూసినాను. చిన్నమామ ఒక్కడే. బైబిలు తెరిచి ఒక వాక్యం చదువుతాడు, ఆగుతాడు, పక్కకు చూస్తాడు, మళ్ళీ చదువుతాడు.

"ఎవరికి మామా చదువుతాండావు?"

"నాలుకకు అలవాటైపోయిందిలే" అన్నాడు తలెత్తకుండా.

అయ్యవారికేనా అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసినాను. చెంబుతో నీళ్ళు, రెండు గ్లాసులు ఆయన ముందర పెట్టి వచ్చినాను. సాయంత్రం చూస్తే రెండు గ్లాసులూ ఖాళీ. ఎండ అట్లాంటిది మరి, ఆయనే తాగింటాడు. జేజి మగ్గంలోకే పోయినదాన్ని, ఇంతమాత్రానికి జంకుతానా అని నాకు నేనే చెప్పుకున్నాను. (గ్లాసులు లోపలికి తెమ్మని మాత్రం మా ఆయన్ను పంపించినాను.)